నొక్కు పడిన వలయాలు

పటం ఎక్కడ తగిలించాలన్న తగువు మూడో రోజుకు కూడా తెగలేదు.

హాల్లో, భోజనాల బల్లకు ఎదురుగోడకే తగిలించాలని నరసమ్మ పట్టుదల. ఆ గోడ మీద ఆమె భర్త ఫోటో ఉంది. దాన్ని జానెడు పక్కకు జరిపితే సరిపోతుందని, కొడుకు గొప్పతనం పక్కన ఉంటే ఆయనకూ సంతోషమేనని ఆమె వాదన. ఆ గోడకు మేకు దిగదని కోడలు సుగుణ మొదటి రోజు చెప్పింది. రెండో రోజు, మేకు దిగినా అంత బరువు ఆగదంది. ఈ రోజు గోడకు చెమ్మ ఉందంటోంది.

నరసమ్మ లేచి వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి వచ్చింది.

"చెమ్మ యాడుండాది? కడుపులో ఏందో పెట్టుకోని గోడ మింద చెప్తాండావు."

సుగుణ చేటలోని కందిపప్పులో రాళ్లు ఏరుతూ కూర్చుంది. పాతికేళ్ల కాపురంలో అత్త తన కడుపులోని మాటను సరిగ్గా పట్టుకోవడం ఇదే మొదటిసారి అనుకుంది.

పటం గోడవారగా నేలమీదే ఉంది. నాలుగడుగుల వెడల్పు, బరువైన చట్రం. నల్లటి నలుపులో విభూది రాలినట్టు సన్నసన్నని చుక్కలు. మధ్యలో ఒకదాని మీద ఒకటిగా మూడు ఎర్రటి వలయాలు. మూడూ నిండు గుండ్రం కావు. మూడింటికీ కింది వైపు, ఒకే చోట, ఎవరో వేలితో నొక్కినట్టు నొక్కు. అడుగున బంగారు రంగు అక్షరాలు: "తొలి వలయాలు. విశ్వం పసితనంలో వెలిగిన మొదటి నక్షత్ర మండలాలు." ఆ కింద సుగుణ భర్త చంద్రమౌళి పేరు.

వాళ్లుండే పరిశోధన సంస్థ క్వార్టర్స్ కింద, ఆ కొండ కడుపులో, ఒకప్పుడు బంగారం తవ్వేవాళ్లు. బంగారం అయిపోయి గని మూతబడ్డాక నిలువునా దిగిన బావి ఒకటి మిగిలింది. దాని అడుగున చంద్రమౌళి స్ఫటికాన్ని దించిన ఏడు వాళ్ల కూతురు చిత్రకు ఏడేళ్లు. ఆ స్ఫటికం ఏమిటో సుగుణకు ఆయన వంటింట్లోనే చెప్పాడు. ఆమె అప్పుడు ఆవకాయ కలుపుతోంది.

"మేమూ నీ మాదిరే ఊరబెడతాండాం" అన్నాడు.

ఊరబెట్టేది వెలుగునట. అన్నిటికంటే దూరంగా ఉన్న నక్షత్ర మండలాల నుంచి బయలుదేరిన వెలుగు ఇక్కడికి చేరేసరికి దారిలో సాగి సాగి, కంటికి ఆనని, రాతిలోంచి కూడా దిగే ఒక పిసరు వెచ్చదనంగా మిగులుతుంది. అది ఏ ఒక్క రాత్రిలోనూ దొరికేది కాదు. ఈ స్ఫటికం పద్నాలుగేళ్ల పాటు రాత్రి రాత్రికీ కొంచెం కొంచెం తాగి దాచుకుంటుంది. పద్నాలుగేళ్లయ్యాక ఒక్కసారి చదవవచ్చు. చదవడంతోనే అది ఖాళీ అయిపోతుంది.

మధ్యలో తడి చెయ్యి పడితే, అని సుగుణ అడిగింది, జాడీలోకి చూస్తూ.

తడి చెయ్యికి భయం లేదు, వెచ్చటి చెయ్యికే భయమన్నాడు. మనిషి ఒంటి వేడి చాలు మచ్చ పడడానికి. ఆ మచ్చ ఎప్పుడు పడిందో, ఎవరి వల్ల పడిందో తర్వాత చెప్పలేరు. కోట్ల ఏళ్ల కిందటిదీ నిన్నటిదీ దానిలో ఒకే పొరగా ఉంటాయి.

ఆ తర్వాత పద్నాలుగేళ్లూ ఆ ఇల్లు స్ఫటికం చెప్పినట్టే నడిచింది. బావిలోకి దిగే ముందు ఆయన మంచునీళ్లతో స్నానం చేసేవాడు. మందపాటి తొడుగు వేసుకునేవాడు. జ్వరం వచ్చిన మనిషిని ఆ ఆవరణలోకే రానిచ్చేవాళ్లు కాదు. చిత్రకు జ్వరం వస్తే ఆయన వేరే గదిలో పడుకునేవాడు, ఆ జ్వరం తనకు అంటుకుంటే బావిలోకి దిగడానికి లేకుండా పోతుందని. అంత జాగ్రత్త పిల్ల మీద ఎన్నడైనా పెట్టినారా అని సుగుణ ఒకసారి ఎత్తిపొడిస్తే, పిల్లకు నువ్వున్నావు, దానికి ఎవరున్నారని అడిగాడు. అది హాస్యమనుకుని ఆమె నవ్వింది కూడా.

బావి దగ్గర సుగుణ తమ్ముడు ఓబులేసు పనిచేసేవాడు. లిఫ్టు, మోటార్లు, తాళాలు అతని చేతిలో ఉండేవి. ఐటీఐ చదివిన పిల్లవాణ్ణి బావగారే తెచ్చి పెట్టుకున్నాడు. ఏటా ఆయుధ పూజ నాడు పనివాళ్లు బూడిదగుమ్మడికాయ కొట్టి లిఫ్టుకు హారతిచ్చేవాళ్లు. చంద్రమౌళి దూరంగా నిలబడి కుంకుమ మాత్రం పెట్టించుకునేవాడు. అన్నం పెట్టేది కింద ఉంటే పైన ఇనుముకు మొక్కుతారేమిరా అని నరసమ్మ ఏటా సణిగేది. కింద నిప్పంటే గిట్టదమ్మా అని ఆయన ఏటా సర్దిచెప్పేవాడు.

ఏడేళ్ల కిందటి దసరాకు బావి అడుగున ఎవరో కర్పూరం వెలిగించారు. వేడి కొలిచే ముల్లు నాలుగు నిమిషాలు కదిలింది. అక్కడ నేల మీద పిసరంత మసి దొరికింది. ఆ రోజు తాళాలు ఓబులేసు దగ్గర ఉన్నాయి. విచారణ జరిగింది. కర్పూరం బయటి తలుపు దగ్గరే వెలిగించారనీ, లోపలి ఇనుప తలుపు వెనకున్న స్ఫటికానికి సెగ తగలలేదనీ చంద్రమౌళి నివేదిక రాశాడు. దానితో ప్రయోగం నిలబడింది. ఓబులేసు ఉద్యోగం పోయింది.

"నేను కాదక్కా" అని ఓబులేసు ఒక్కసారే అన్నాడు.

అప్పుడు సుగుణ డెంగీతో బక్కచిక్కిన చిత్రను ఆస్పత్రి నుంచి తెచ్చుకుని రెండు రోజులైంది. నిద్రలేని కళ్లతో తమ్ముడి ఇంటికి వెళ్లి, అతని భార్య ముందరే, మా ఇంటి అన్నంలో మన్ను పోసినావు కదరా అని వచ్చేసింది. ఆ తర్వాత ఓబులేసు కొండ ఎక్కలేదు.

ఎనిమిది నెలల కిందట స్ఫటికాన్ని చదివారు. చుక్కల మధ్య మూడు వలయాలు కనిపించాయి. అంత తొలినాళ్లలో అంత పెద్ద రూపాలు ఉండకూడదట. ఉన్నాయంటే విశ్వం గురించి ఇప్పటిదాకా రాసుకున్నదంతా కొంత చెరిపి రాయాలట. పేపర్లలో వచ్చింది. ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్న చిత్ర ఆ వలయాల మీదే ప్రాజెక్టు తీసుకుంది. ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ నొక్కు గురించే చెప్పేది. పక్కనున్న కనిపించని బరువేదో లాగడం వల్ల నొక్కు పడిందని వాళ్ల ప్రొఫెసర్ ఊహ. కాదు, రెండు మండలాలు ఢీకొన్నాయని చిత్ర ఊహ. ప్రపంచమంతా కలిపి నలభై మంది దాని మీద వ్యాసాలు రాశారని గర్వంగా చెప్పింది.

పటం సోమవారం వచ్చింది. వచ్చే బుధవారం సన్మానం, దానికి ముందుగా సంస్థ వాళ్లు పంపారు. చూడగానే నరసమ్మ, కొత్త వస్తువు గడప దాటి వచ్చింది, హారతి ఇయ్యల్ల అంది. ఆమెకు మణికట్టు వాపు. సుగుణకు ఆ నాలుగు రోజులు. నువ్వే ఇయ్యరా నాయనా అని పళ్లెం కొడుకు చేతిలో పెట్టింది. ఆయన వద్దన్నాడు. పటానికి హారతేమిటన్నాడు. పొద్దు పోతోందన్నాడు. నరసమ్మ కర్పూరం వెలిగించేసింది.

చిన్నప్పుడు ఆయన ఎద్దులబండి మీద నుంచి పడి కుడి మోచేయి విరిగింది. ఊళ్లో ఎవరో ముసలాయన కట్టిన కట్టుకు ఎముక వంకరగా అతుక్కుంది. అందుకని ఆయన చెయ్యి గుండ్రంగా తిరగదు. కిందికి వచ్చేసరికి మోచేయి పట్టేసి, పళ్లెం ఒక్కసారి లోపలికి ముడుచుకుని మళ్లీ పైకి లేస్తుంది. పాతికేళ్లుగా వినాయక చవితికీ శ్రావణ శుక్రవారాలకూ సుగుణ చూస్తున్నదే. నీ కొడుకు హారతి సొట్ట చెంబు మాదిరి ఉంటుందత్తా అని కొత్తలో ఎగతాళి చేసింది కూడా.

సోమవారం మధ్యాహ్నం ఆ మంట పటం ముందు తిరిగింది. ఒక చుట్టు. రెండు. మూడు. ప్రతి చుట్టులోనూ మంట వలయం వెంటే నడిచి, నొక్కు దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా నొక్కులోకే దిగింది.

సుగుణ భర్త ముఖం చూసింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు. పళ్లెంలో కర్పూరం ఆరిపోయింది. నరసమ్మ కళ్లకు అద్దుకోవడానికి చేతులు చాపి, సెగ లేక, ఏంరా అప్పుడే ఆరిపోయె అంది.

ఆ మూడో రోజు, గోడకు చెమ్మ ఉందని చెప్పిన రోజు, సుగుణ పప్పు పొయ్యి మీద పెట్టి భర్త గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. ఆయన సన్మానానికి ఉపన్యాసం రాసుకుంటున్నాడు.

తానేం చూసిందో చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయనే మొదలుపెట్టాడు, కాగితం మీది నుంచి కళ్లెత్తకుండా. ఆ దసరాకు చిత్ర రక్తంలో ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకు పడ్డాయని ఆస్పత్రి నుంచి సుగుణే ఫోన్ చేసి చెప్పింది. ఆయన రాలేదు. బావి దగ్గర పని ఉందన్నాడు. పని లేదు. పిల్లను ఆ మంచం మీద చూసే ధైర్యం లేక రాలేదు. పనివాళ్లందరూ పండగకు వెళ్లిపోయాక, పైన లిఫ్టు దగ్గర వాళ్లు మిగిల్చిన కర్పూరం బిళ్లలు జేబులో వేసుకుని, తన దగ్గరుండే రెండో తాళంచెవులతో ఒక్కడే దిగాడు. లోపలి ఇనుప తలుపు ముందు నిలబడి, తాను పద్నాలుగేళ్లు కాపలా కాయాలనుకున్నదానికే, బిడ్డను కాపాడమని హారతి ఇచ్చాడు. తలుపు మూసే ఉంది. మంట వెలుగు లోపలికి పోలేదు. కానీ మంట తిరిగిన చోటల్లా ఇనుము వెచ్చబడింది. ఆ వెచ్చదనాన్ని స్ఫటికం తాగింది.

"చదివిన పొద్దే నాకు తెలిసింది" అన్నాడు. "తెర మింద అవి కనపడంగానే అందరూ లేచి చప్పట్లు కొట్టినారు. నేను నోరు తెరిచేలోపలే వాటికి పేరు పెట్టేసినారు సుగుణా."

దండం పెట్టుకున్నందుకు తానేమీ అనడం లేదని ఆమె చెప్పింది. నిజానికి ఆ ఒక్క మాట ఏడేళ్ల కిందట చెప్పి ఉంటే, ఆస్పత్రి వరండాలో ఆమె మూడు రోజులు తిట్టుకున్న తిట్లన్నీ తప్పేవి.

"మా తమ్ముని సంగతి చెప్పండి."

ఆయన చెప్పినవన్నీ లెక్కలే. తాను చేశానంటే ప్రయోగం ఆ రోజే మూసేసేవాళ్లు. ఏడేళ్ల పంట, అరవై మంది ఉద్యోగాలు పోయేవి. ఓబులేసుకు వయసు ఉంది, చేతిలో పని ఉంది, ఎక్కడైనా బతుకుతాడనుకున్నాడు. ఇలాంటి స్ఫటికం ప్రపంచంలో ఇంకొక్కటే ఉంది, వేరే దేశంలో. అది పండడానికి ఇంకా తొమ్మిదేళ్లు. అప్పుడు దానిలో వలయాలు కనిపించవు, అప్పుడు ఎలాగూ తెలిసిపోతుంది.

"తొమ్మిదేళ్లకు మీరు రిటైరై ఉంటారు" అంది సుగుణ.

ఆయన కాదనలేదు. ఆ వలయాల కింద నిజంగా ఏమైనా ఉందా అని ఆమె అడిగింది. ఉండి ఉండవచ్చు, ఇంక వేరు చెయ్యలేం, ఉప్పు నీళ్లలో కలిసినాక ఉప్పేది నీళ్లేది అన్నాడు. అది చెప్పేటప్పుడే ఆయన కాగితం మీది నుంచి కళ్లెత్తాడు. తమ్ముడి పేరు దగ్గర ఎత్తలేదు.

"రేపు సాయంత్రం లోపల మీ డైరెక్టరుకు మీరే రాయండి" అని సుగుణ లేచింది. పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది.

మర్నాడు ఆమె బస్సెక్కి టౌనుకు వెళ్లింది. ఓబులేసు బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు మార్కెట్ యార్డు వెనక ఉందని విన్నదే గానీ ఎప్పుడూ చూడలేదు. రోడ్డు మలుపులో టీ కొట్టతన్ని అడిగింది. ఓబులేసా, కర్పూరం ఓబులేసేనా అని అతను నవ్వి చెయ్యి చూపించాడు.

ఓబులేసు రాగితీగ చుడుతున్నాడు. అక్కను చూసి లేవలేదు. చుట్లు లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి చుట్టాలి కాబట్టి, నూట పది వరకు లెక్కపెట్టి, తీగ కత్తిరించి, అప్పుడు స్టూలు జరిపాడు. జుట్టు సగం నెరిసింది. ఆమెకంటే ఆరేళ్లు చిన్నవాడు.

ఆమె పటం సంగతి చెప్పింది. అతను ఆశ్చర్యపోతాడనుకుంది.

"ఆ పొద్దే తెలుసక్కా నాకు" అన్నాడు. "నేను డ్యూటీకి వస్తాంటే బావ లిఫ్టులో పైకి వచ్చినాడు. చొక్కా అంతా కర్పూరం వాసన. కండ్లు ఎర్రగా ఉండె. పాపకు ఎట్లుంది బావా అంటే, ఏమీ కాదులేరా అని నా భుజం పట్టుకోని ఏడ్సినాడు. ఆ మనిషి ఏడ్సేది నేను ఎప్పుడూ చూడలే."

"మరి విచారణలో చెప్పలేదేమిరా?"

"మొదుట బావే చెప్తాడనుకున్యా."

"తర్వాతన్నా నాకు చెప్పింటే."

ఓబులేసు రాగితీగ ముక్కను వేళ్ల మధ్య వంచి, సరిచేసి, మళ్లీ వంచాడు. "నేను కాదంటేనే నువ్వు నమ్మలేదు కదక్కా. బావ అంటే నమ్ముతావా?"

అవతల ఎవరో మోటారు దించుతూ కేకలు వేస్తున్నారు. ఓబులేసు భార్య లోపలి నుంచి మజ్జిగ గ్లాసు తెచ్చి, పలకరించకుండా స్టూలు అంచున పెట్టి వెళ్లింది. సుగుణ మజ్జిగ తాగింది. తాగక తప్పదనిపించింది.

ఇప్పుడేం చెయ్యమంటావని అడిగింది.

"ఏమీ వద్దు. చెప్తే బావ పోతాడు, పాప చదువు పోతాది. నాకు వచ్చేదేముండాది? ఆ ఉద్యోగం ఇచ్చినా ఇంక నేను పోను. నా పేరంటావా, రేషన్ కార్డులో తప్ప అంతటా కర్పూరమే." నవ్వాడు. "పిలిస్తే పలుకుతా కూడా."

వచ్చేటప్పుడు ఆమె, ఆదివారం ఇంటికి రారా, చిత్ర వస్తుందని చెప్పింది. చూస్తానక్కా అన్నాడు. అది రాననే.

గురువారం సాయంత్రం చంద్రమౌళి ఉపన్యాసం పూర్తి చేశాడు. భోజనాల దగ్గర తల్లికి అందులోని రెండు వాక్యాలు చదివి వినిపించాడు. రాశారా అని సుగుణ అడిగింది. సన్మానం కానీ, తర్వాత చూద్దామన్నాడు. శుక్రవారం పొద్దున ఆమె ఆయన బల్ల మీది తెల్లకాగితాలే తీసుకుని, వంటింటి గట్టు మీద పెట్టుకుని, నాలుగు పేజీలు రాసింది. సైన్సు ఒక్క ముక్క రాయలేదు. మోచేయి ఎలా విరిగిందో, హారతి ఎలా తిరుగుతుందో, మసి ఎవరి మీద వేశారో రాసింది. తాను తమ్ముడి గుమ్మంలో నిలబడి అన్న మాట కూడా రాసింది. దాన్ని రాయడానికే ఎక్కువసేపు పట్టింది. పోస్టాఫీసులో రిజిస్టరు చేయించి, రసీదు పోపులడబ్బాలో పెట్టుకుంది.

ఆదివారం చిత్ర వచ్చింది. బ్యాగు దించకముందే పటం ముందు మోకాళ్ల మీద కూర్చుని నొక్కు మీద వేలు పెట్టి చూసుకుంది. నరసమ్మ సుత్తి, మేకు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది, మనమరాలి బలం చూసుకుని. మధ్యాహ్నం నలుగురూ కూర్చున్నారు. సుగుణ ఐదో కంచం కూడా పెట్టింది. ఎవరికని ఎవరూ అడగలేదు. ఒంటిగంట బస్సు వచ్చి వెళ్లిన చప్పుడు వినిపించింది. ఇంకాసేపు చూసి ఆమె వడ్డించడం మొదలుపెట్టింది.

నరసమ్మ గోడ మాట ఎత్తింది. చిత్ర నాయనమ్మకు వంత పాడింది. అమ్మకు ఏం బాధో నాకు అర్థం కాలేదు జేజీ, నేనైతే నా మంచానికి ఎదురుగా పెట్టుకుంటా, నా థీసిస్ అంతా దాంట్లోనే ఉందంది.

సుగుణ నెయ్యి గిన్నె కింద పెట్టింది.

"చిత్రా, నువ్వు ఇంకో విషయం చూసుకోమ్మా. అవి ఆకాశంలోవి కావు. నీకు డెంగీ వచ్చిన దసరాకు మీ నాన్న నీ కోసం కింద హారతి ఇచ్చినాడు. ఆ హారతే అది. ఓబులేసు మామ ఏమీ చేయలేదు. శుక్రవారం నేను డైరెక్టరుకు రాసి పంపించినా. రేపటికి చేరుతుంది."

చిత్ర పటం వైపు చూసింది. తర్వాత తండ్రి కుడి మోచేయి వైపు చూసింది. చంద్రమౌళి కలిపిన ముద్ద నోటిదాకా తీసుకుపోయే దారిలో, ఎప్పటిలాగే, మోచేయి పట్టేసి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఈసారి ముద్ద కంచంలోకే దిగిపోయింది. నరసమ్మ మణికట్టు పట్టుకుని కొడుకును, కోడలిని మార్చి మార్చి చూసింది.

సుగుణ అత్త కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది.

"గోడకు చెమ్మ లేదత్తా" అంది. "పటం అక్కడే కొడదాం. ఓబులేసు ఎన్నడు వచ్చి ఈడ కూర్చున్నా, వానికి ఎదురుగా ఉండల్ల."